గుల్లమొగలో తొలి ఆరు రోజులు

పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్కను పూర్తిగా తెగనివ్వకూడదు. చివర కాస్త అంటిపెట్టుకుని ఉండేలా కత్తెర ఆపాలి. అప్పుడు ముక్క పాలల్లో పడదు, చెత్తబుట్టలో చీమల్ని పిలవదు, పొయ్యి వెనక దూరి వారం తరవాత బయటపడదు. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఈ సంగతి మావారికి నేను చెప్పని వారం లేదు. ఆయన జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. వేరు తెగకుండా మొక్కను ఎలా పెకలించాలో అరవైమంది పిల్లలకు ఒకేసారి నేర్పగలరు.

"ముక్క ఏదండీ?" అన్నాను ఆ రోజు పొద్దున్న.

"ఏ ముక్క?"

"మూల ముక్క."

"ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే."

"ఇక్కడే ఎక్కడో అంటే పాలల్లోనా?"

"పాలల్లో ఉంటే తేలుతుంది. ప్లాస్టిక్ తేలిక కదా, అదీ తెలీదా?"

"పాలు కాగి మీగడ కట్టాక మీగడ కింద తేలుతుంది. మీ కాఫీలోకే వస్తుంది, నాకేం."

ఇద్దరం గిన్నెలోకి వంగి చూశాం. దేవుడి గదిలోంచి మా అత్తగారు, "రోజూ ఆ గిన్నెలోకి తొంగిచూడ్డమే గానీ, ఒక్కనాడన్నా దొరికిందిట్రా ఆ ముక్క?" అన్నారు. మేడ మెట్ల మీద కూర్చున్న డెన్మార్కు అమ్మాయి మమ్మల్ని చూసి నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె ఒళ్ళో ఉన్న పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆ అమ్మాయి పేరు కిర్‌స్టెన్. మా అత్తగారు రెండో రోజుకే కిష్టమ్మ చేసేశారు. తనకంటే ఎత్తయిన సంచీ వీపున వేసుకుని ఆదివారం చీకటితోనే బస్సు దిగింది. ఊళ్ళో ఉన్న ఒక్క లాడ్జీని పెళ్ళివారు తీసేసుకున్నారు. లాడ్జీ వాళ్ళు మావారికి ఫోన్ చేస్తే, మేడమీద గది ఖాళీగానే ఉంది కదా అని పంపమన్నారు. ఆరు రోజులుంది. పెట్టింది తినేది, కంచం తనే కడుగుతానంటే మా అత్తగారు ఒప్పుకునేవారు కాదు. రోజంతా మెట్ల మీద కూర్చుని వీధి చూసేది. దేశాలు తిరిగేవాళ్ళకు అదే పనట.

ఆ వారం నా మనసంతా మరో దానిమీద ఉంది. మా గుల్లమొగకు మూడు వైపులా నీళ్ళే. ఒక పక్క సముద్రం, రెండు పక్కల గోదావరి పాయలు. బోరు వేస్తే ఉప్పు. తాగడానికీ వండడానికీ వీధి చివర కుళాయి ఒక్కటే దిక్కు. అది రోజు విడిచి రోజు, అయిదున్నర నుంచి ఆరున్నర దాకా వస్తుంది. నా వాటా రెండు బిందెలు. కుడి భుజం పట్టేస్తోందంటే, బరువు మోయొద్దన్నారు డాక్టరుగారు. సరేనండీ అని వచ్చి, ఎడమ చంకకు మార్చాను. ఇంటింటికీ కుళాయి పథకం మంజూరై ఆరేళ్ళయింది. ఆరో ఏట వీధి తవ్వారు, గొట్టం వేశారు, మా గేటు పక్కన తళతళలాడే కుళాయి బిగించారు. ఇక వీధి గొట్టానికీ మా గొట్టానికీ జాయింటు ఒక్కటే మిగిలింది. మా అత్తగారు కుళాయికి బొట్టు పెట్టారు.

"సోమారం పొద్దున్నే వచ్చి కలిపేత్తానండి," అన్నాడు ప్లంబరు ఏసుపాదం. "ఆ రోజు నుంచి తవరు బిందె ముట్టుకుంటే నా మీదొట్టండి, ఆయ్."

కిర్‌స్టెన్ శుక్రవారం వెళ్ళిపోయింది. శనివారం సాయంత్రం మా అమ్మాయి నీహారిక ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కిర్‌స్టెన్ మా ఊరి గురించి ఇంటర్నెట్‌లో రాసిందట. పేరు 'గుల్లమొగలో తొలి ఆరు రోజులు'. పక్కింటి నాగరత్తంగారు కూడా వచ్చి కూర్చున్నారు. నీహారిక తెలుగు చేసి చదివింది.

"మొదటి రోజు. తెల్లవారకముందే ఈ వీధి స్త్రీలు రంగురంగుల బిందెలతో ఒకచోట కలుసుకుంటారు. ఇది వాళ్ళ సంఘం. మధ్యలో ఒక చిన్న గొట్టం ఉంటుంది. ఎవరికీ తొందర లేదు. నీళ్ళు వచ్చినా రాకున్నా మాట్లాడుకుంటూనే ఉంటారు. మా ఊళ్ళో పన్నెండేళ్ళుగా నా గోడకవతల ఉంటున్న మనిషి పేరు నాకు తెలియదు."

"సంగమా?" అన్నారు నాగరత్తంగారు. "మొన్న నీ బిందె నేను తన్నేత్తే నువ్వు నా కొప్పు దాకా వచ్చావు కదే వాణీ, అదెక్కడ రాసింది?"

"మూడో రోజు. ఈ ఇంటి దంపతులు ప్రతి ఉదయం పాలకు పూజ చేస్తారు. భర్త మూల కోసి సమర్పిస్తాడు. భార్య గట్టిగా మంత్రం చదువుతుంది, భర్త బదులు చెబుతాడు. తరవాత ఇద్దరూ తలలు వంచి పాత్రలోకి చూస్తారు. పెద్దావిడ లోపలినుంచి ఆశీర్వదిస్తుంది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి."

"నేనా?" అన్నారు అత్తగారు.

రోజూ సాయంత్రం ఏడింటికి ఊరంతా ఒక్క మాట మీద దీపాలు ఆర్పేసి అరుగుల మీద చేరుతుందనీ, నాలుగు రోడ్ల మధ్య ఒక గేదె పడుకుంటే బస్సులు దానికి ప్రదక్షిణ చేసి వెళతాయనీ కూడా రాసింది. ఏడింటికి మా ట్రాన్స్‌ఫార్మర్ చచ్చిపోతుంది. ఆ గేదె నాగరత్తంగారిది. కడుపుబ్బ నవ్వుకున్నాం. అయినా ఆ పిల్ల ప్రేమతో రాసింది, తప్పు పట్టడానికి లేదు. ఒక్క మావారు మాత్రం నవ్వలేదు.

"పదకొండు లక్షలమంది చదివారట," అన్నారు నెమ్మదిగా. "కాలేజీ మ్యాగజైన్‌లో నా వ్యాసం పదకొండుమంది చదవలేదు."

సోమవారం ఏసుపాదం రాలేదు. జీపు వచ్చింది.

దిగినాయన గరుడాచలంగారు, మా ప్రాంతానికి పర్యాటక ప్రత్యేకాధికారి. తెల్ల సఫారీ, చేతిలో ఎర్ర దారంతో కట్టిన ఫైలు. గేటు దగ్గరే నిలబడి చదవడం మొదలుపెట్టారు.

"గుల్లమొగ దైనందిన జీవన తొలి అనుభూతుల పరిరక్షణ పథకం. ఈ ప్రాంతమునకు పర్యాటకులను ఆకర్షించు నిమిత్తం మా శాఖ గడచిన ఏడు సంవత్సరములలో మూడు స్వాగత ద్వారములు, ఒక సిమెంటు డాల్ఫిన్ నెలకొల్పినది. ఫలితము శూన్యము. కాగా ఒక విదేశీ సంచారి కేవలము ఆరు దినములలో ఈ వీధిని విశ్వవిఖ్యాతము గావించినందున, సదరు సంచారి నమోదు చేసిన అనుభూతులు ఒకటి నుండి తొమ్మిది వరకు యథాతథముగా పరిరక్షింపవలెనని ఉన్నత స్థాయి కమిటీ తీర్మానించడమైనది."

"సంతోషమండీ," అన్నాను. "మరి మా కుళాయి జాయింటు ఎప్పుడు కలుపుతారు?"

ఆయన కాగితం తిప్పారు. "అనుభూతి సంఖ్య ఒకటికి భంగం కలిగించే ఎట్టి పనులైనా తదుపరి ఉత్తర్వుల వరకు నిలుపుదల చేయడమైనది."

"అది అనుభూతి కాదండీ. మాకు నీళ్ళు లేకపోవడం."

"నీళ్ళు లేకపోవడం అన్నది స్థానిక దృక్కోణం మేడమ్," అన్నారు జాలిగా. "శాఖ దృష్టిలో అది ప్రపంచం కోల్పోయిన సామూహిక జీవనం. ఇంటింటికీ కుళాయి ఇస్తే ఎవరింట్లో వాళ్ళు పట్టుకుంటారు. అప్పుడు సామూహికత ఏ గొట్టంలో పోతుంది?"

మావారు అప్పటికే లోపలినుంచి రెండు కుర్చీలు తెచ్చి వేశారు. అనుభూతి సంఖ్య మూడు తమదేనని గరుడాచలంగారు చెయ్యి కలిపితే, ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు.

పథకం మర్నాటి నుంచే అమల్లోకి వచ్చింది. గరుడాచలంగారు ఇద్దరు గుమాస్తాలతో కుళాయి దగ్గర బల్ల వేయించుకుని కూర్చునేవారు. కిర్‌స్టెన్ తీసిన ఫొటోలో ఉన్నవి నాలుగు నీలం బిందెలు, మూడు ఆకుపచ్చవి, రెండు ఎరుపు, ఒకటి పసుపు. అవే ఉండాలి. స్టీలు బిందె అనుభూతిలో లేదు కనక పక్కన పెట్టించారు. మాకు ఆకుపచ్చ వచ్చింది. నాగరత్తంగారు పొయ్యిమీద పప్పు పెట్టి వచ్చానని కాస్త గబగబా నడిస్తే, 'తొందర' చూపినందుకు సంజాయిషీ అడిగారు.

"ఏమని రాయనే వాణీ?" అన్నారావిడ కాగితం పట్టుకుని.

"పప్పు మాడిందని రాయండి."

"అది రాత్తే పప్పు కూడా అనుభూతిలో లేదంటాడేమో."

వారం తిరక్కుండానే శాఖవారు ఒక లోపం కనిపెట్టారు. ధార బాగా వస్తే నలభై నిమిషాల్లో పది బిందెలూ నిండి అందరూ ఇళ్ళకు పోతున్నారు. పర్యాటకులు ఏడు దాకా నిద్ర లేవరు. అందుచేత నీళ్ళు ఏడు నుంచి తొమ్మిదికి మార్చి, ధార మూడో వంతుకు తగ్గించారు. బిందె నిండడానికి అంతకుముందు నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పన్నెండు. సామూహికత మూడు రెట్లయిందని నివేదికలో రాసుకున్నారట. నీహారిక కాలేజీకి పచ్చడన్నం పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది.

విద్యుత్ శాఖవారు పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసి కొత్తది పెట్టారు. అది ఏడింటికి చావదు. దాంతో రోజూ ఏడింటికి దాన్ని చంపి, ఎనిమిదింటికి బతికించడానికి ఒక లైన్‌మన్‌ను వేశారు. నాగరత్తంగారి గేదె ఈనడంతో పాకలోకి తోలుకుపోయారు. నాలుగు రోడ్ల కూడలి మూడు రోజులు ఖాళీగా ఉంది. నాలుగోనాడు పక్క మండలం నుంచి ఒక గేదెను డిప్యుటేషన్ మీద రప్పించారు. పాపం దానికి ఊరు కొత్త, రోడ్డు మధ్య పడుకునేది కాదు. దానిమీద సొంత మండలానికి నివేదిక వెళ్ళింది.

ఇంట్లో పరిస్థితి మరో రకం. మావారు సిల్కు కండువా వేసుకుని పాలు కోయడం మొదలుపెట్టారు. ఆరు నలభైకి వంటింటి కిటికీ తెరిచి ఉంచాలి. నేను నా మాటలు అనాలి, ఆయన తన మాటలు అనాలి. ఒకనాడు నాకు విసుగొచ్చి నేనే ప్యాకెట్టు కత్తిరించి, ముక్క అంటిపెట్టుకుని ఉండగా పాలు పొయ్యిమీద పెట్టేశాను. పంతొమ్మిదేళ్ళలో ఆ పాలగిన్నె మీద గొడవ లేకుండా గడిచిన మొదటి పొద్దు అది.

"ఇలా చేస్తే ఎలా?" అన్నారు మావారు, నిజంగానే బాధపడి. "కిటికీ అవతల శాఖ గుమాస్తాలు నిలబడ్డారు."

"మీ కాఫీ శుభ్రంగా ఉంది. తాగండి."

"పద్ధతిగా ఉండాలి కదా వాణీ. ముక్క పడాలి, నువ్వడగాలి."

"నాకు భుజం నొప్పిగా ఉందండీ. ఆ మాట ఏ కిటికీలోంచి చెప్పమంటారు?"

ఆయన కండువా సర్దుకున్నారు. 

మూడో వారం నిజంగానే బస్సు నిండా జనం దిగారు. ఇరవై రెండుమంది, ఒక్కొక్కరి వీపున ఒక్కో గోతాం లాంటి సంచీ. కుళాయి చుట్టూ నిలబడి ఫొటోలు తీశారు. మేం తొందరపడకుండా నిలబడ్డాం. నా బిందె నిండింది. చంకనెత్తుకుని గేటు దాకా వచ్చేసరికి భుజం కలుక్కుమంది, కాసేపు దింపాను. వెనకే వచ్చిన ఎర్రగడ్డం మనిషి మా గోడకున్న కుళాయి వైపు వేలు చూపించి నీహారికను ఏదో అడిగాడు. అది ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కుళాయిని చూశాడు, వీధి చివర వరసను చూశాడు, కెమెరా సంచిలో పెట్టేశాడు. తరవాత నా బిందె ఎత్తి వంటింటి గడప దాకా తెచ్చి దింపాడు. అందరిలో ఆయనొక్కడే చెప్పులు విప్పి లోపలికొచ్చాడు.

మర్నాడు నాకు రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది, పర్యాటకుని చేత బిందె మోయించినందుకు సంజాయిషీ. రెండోది ఇదీ: "సదరు గృహము యొక్క గోడకు బిగించబడియున్న కుళాయి అనుభూతులలో నమోదు కాలేదు గావున, మరియు అది సంచారులలో అనవసర ప్రశ్నలు రేకెత్తించుచున్నందున, వచ్చే సోమవారము నాటికి అది గొట్టముతో సహా తొలగించబడును."

వెళ్ళేది కుళాయి ఒక్కటే కాదు, గొట్టంతో సహా. గొట్టం పోతే మళ్ళీ తవ్వకం. తవ్వకానికి మళ్ళీ మంజూరు. ఇంకో ఆరేళ్ళు. ఏసుపాదం కూడా ఆ పూటే వచ్చాడు, తల దించుకుని.

"నన్నే పీకమన్నారండి. బిగించినోడికైతే పీకడం తేలికంట."

"ఏమన్నావు?"

"సోమారం అన్నానండి. నేను సోమారం అంటే వచ్చే సోమారం కాదని ఊరందరికీ తెల్సు గదండి. ఈసారి జీపెక్కించుకుని తెత్తారంట."

నీహారిక కిర్‌స్టెన్‌కు రాసింది. పాపం ఆ పిల్ల గంటలో జవాబిచ్చింది. సిగ్గుపడుతున్నాననీ, తనకు అర్థం కాలేదనీ, ఎవరూ అలా చేస్తారని కలలో కూడా అనుకోలేదనీ. ఊరుకోక, అదే చోట మళ్ళీ రాసింది. 'నేను చూసింది సంఘం కాదు, నీళ్ళ కరువు. దయచేసి ఆ ఇళ్ళకు నీళ్ళివ్వండి.' దాన్ని అచ్చుతీయించి, కింద నీహారిక చేసిన తెలుగు జతచేసి, శుక్రవారం గరుడాచలంగారి ఆఫీసుకు వెళ్ళాను. గోడకు సిమెంటు డాల్ఫిన్ ప్రారంభోత్సవం ఫొటో ఉంది.

ఆయన రెండు కాగితాలూ శ్రద్ధగా చదివారు.

"ఇది మలి అనుభూతి మేడమ్. పథకం పేరులోనే తొలి అని ఉంది."

"రాసినావిడే తప్పని చెబుతోంది కదండీ."

"ప్రకటించిన మరుక్షణం అనుభూతి శాఖకు సంక్రమిస్తుంది. ఉపసంహరించుకునే అధికారం సంచారికి లేదు. పైగా ఆమె ఇప్పుడు వియత్నాంలో ఉన్నారు. అక్కడినుంచి గుల్లమొగ గురించి కలిగేది జ్ఞాపకం. జ్ఞాపకాలు మా శాఖ కిందికి రావు."

"అయితే దీన్ని మార్చే దారే లేదా?"

"ఎందుకు లేదు?" అన్నారు కాస్త నొచ్చుకుని. "మాది నిరంకుశ శాఖ కాదు. పద్నాలుగో నిబంధన చూడండి. మరొక సంచారి యొక్క తొలి అనుభూతి పూర్వపు అనుభూతికి విరుద్ధముగా ఉన్నచో, కమిటీ తప్పనిసరిగా పునఃపరిశీలించవలెను. అట్టి సంచారి బసలో ఉన్నంతకాలం ఎట్టి మార్పులూ, తొలగింపులూ చేయరాదు. సంచారి ఎవరన్నది అనుబంధంలో నిర్వచించాం."

అనుబంధం అడిగి తీసుకుని నిలబడే చదివాను. "సంచారి యనగా, వీపున సంచితో ప్రజా రవాణా వాహనములో వచ్చి, ఒకే గృహమున ఆరు దినములకు తక్కువ కాకుండా బస చేసి, ఆ కాలములో వంట, నీరు మోయుట, ఊడ్చుట, అంట్లు తోముట మున్నగు గృహకృత్యములలో పాలుపంచుకొనక, స్థానికుల దైనందిన జీవనమును తీరికగా తిలకించిన వ్యక్తి."

మళ్ళీ మొదటినుంచి చదివాను. వంటల పుస్తకమైనా సరే రెండుసార్లు చదవనిదే పొయ్యి వెలిగించడం నాకు అలవాటు లేదు.

"విదేశీయులై ఉండాలని లేదేమండీ?"

"స్వదేశీ పర్యాటకులను కూడా ప్రోత్సహించాలన్నది ప్రభుత్వ విధానం. ఆ మాట నేనే తీయించాను," అన్నారు.

"స్థానికులు కాకూడదని కూడా లేదు."

ఆయన హాయిగా నవ్వారు. "తీరికగా తిలకించాలి కదా మేడమ్. స్థానికులకు తీరిక ఎక్కడిది? అందుకే ప్రత్యేకించి నిషేధించలేదు."

"ఒక నకలు ఇప్పిస్తారా? ముద్ర వేసి."

ఇప్పించారు. దగ్గరుండి ముద్ర స్పష్టంగా పడిందో లేదో చూసుకుని, రెండోసారి వేయించుకుని మరీ వచ్చాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నేను కాపురానికి వచ్చిన రోజు ఈ వీధిని తలొంచుకుని దాటాను. మర్నాటి నుంచి బిందెతో దాటాను. చంకన బిందె ఉన్నప్పుడు మనిషి చూసేది అడుగు ముందున్న రాయిని. పొద్దున్న తొమ్మిదింటికి మా వీధి ఎలా ఉంటుందో, నాగరత్తంగారి పెరట్లో ఎన్ని అరటిచెట్లున్నాయో, మా మేడమీంచి సముద్రం కనబడుతుందో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఈ విషయంలో గరుడాచలంగారు నన్ను శంకించనక్కర్లేదు. నాకు కలిగేది తొలి అనుభూతే అవుతుంది.

మర్నాడు రెండో శనివారం. కాలేజీ సెలవు కావడంతో మధ్యాహ్నం నలుగురం ఒకేసారి భోజనాలకు కూర్చోవచ్చు. అంటే ముగ్గురు కూర్చుంటారు, నేను వడ్డిస్తాను. బీరకాయ పచ్చడి, ముక్కల పులుసు, వేయించిన అప్పడాలు. పులుసు రెండోసారి వేశాక గరిటె గిన్నెలో పెట్టి, ఖాళీ కంచం ఒకటి తెచ్చుకుని నాలుగో పీట మీద కూర్చున్నాను. మావారు తలెత్తి చూశారు.

"రేపు పొద్దున్న నేను బస్సెక్కుతున్నానండీ," అన్నాను అన్నం పెట్టుకుంటూ. "అడ్డరోడ్డు దాకా. అక్కడ దిగి, నీహారిక కాలేజీ సంచీ వీపున తగిలించుకుని, వచ్చే బస్సులో మళ్ళీ ఇక్కడ దిగుతాను. ఆరు రోజులు మన మేడమీద గదిలో ఉంటాను."

"ఎందుకూ?"

ముద్ర వేసిన కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన ఎడమచేత్తో పట్టుకుని చదివారు. 'గృహకృత్యములలో పాలుపంచుకొనక' దగ్గర ఆగిపోయారని ముఖం చూస్తేనే తెలిసింది.

"సోమవారం జీపు వచ్చేసరికి నేను బసలో ఉంటాను," అన్నాను. "కుళాయి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు. ఏడోరోజు నా అనుభూతి రాసిస్తాను. కమిటీ చూసి తీరాలి."

"అది సరే. ఇల్లు?"

"ఇల్లు ఎక్కడికీ పోదు. పైనుంచి చూస్తుంటాగా."

"నీళ్ళో?"

"ఏడు నుంచి తొమ్మిది దాకా. ఆకుపచ్చ బిందె మనది. గబగబా నడవకండి, సంజాయిషీ అడుగుతారు."

మావారు ఒక్క ఆశ దొరికినట్టు కాగితం ఎత్తారు. "అనుభూతి సంఖ్య ఒకటిలో స్త్రీలు అని ఉంది. నేను నిలబడితే దానికి విరుద్ధం కాదూ?"

"విరుద్ధమేనండీ. పద్నాలుగో నిబంధన అడిగేది అదేగా."

నీహారిక పొలమారి మంచినీళ్ళు తాగింది. మా అత్తగారు పచ్చడి కలుపుకుని, ముద్ద చేసి, నోట్లో పెట్టుకుని, నమిలి మింగాక అన్నారు: "గది దుమ్ముగా ఉందిరా అబ్బాయ్. తినగానే వెళ్ళి ఊడ్చి, దుప్పటి మార్చు. వచ్చే మనిషికి అసయ్యంగా ఉండకూడదు."

"అమ్మా, నువ్వు కూడానా?"

"కిష్టమ్మకు ఊడవలేదూ? అప్పుడు వాణి ఊడ్చింది. ఇప్పుడు వాణి వస్తోంది, నువ్వు ఊడుస్తావు." నా వైపు తిరిగారు. "భోజనం పైకి పంపమంటావా అమ్మాయ్, కిందికొస్తావా?"

"కిందికే వస్తానండీ అత్తయ్యగారూ. ఇక్కడివాళ్ళు ఎలా వడ్డించుకుంటారో చూడాలి కదా."

ఇక మజ్జిగ అన్నం మిగిలింది. ఎవరి కంచంలోనూ మజ్జిగ లేదు. ముగ్గురం కదలకుండా కూర్చున్నాం. కాసేపటికి మావారు లేచి, ఎడమచేత్తో కండువా భుజం మీదికి ఎగదోసుకుని వంటింట్లోకి వెళ్ళారు. ఒక డబ్బా మూత తీసిన చప్పుడు. మరో డబ్బా. ఫ్రిజ్ తలుపు. ఏదో కింద దొర్లింది.

"మజ్జిగ ఎక్కడుంటుంది?" అని అడిగారు లోపలినుంచి.

"నాకెలా తెలుస్తుందండీ," అన్నాను. "నేను వచ్చేది రేపు కదా."